దీవికి పోతే స్నార్కెలింగ్ ఎక్కడ బాగుంటుంది? నాన్నకు మీసం, నాకు కళ్ళద్దాలు

బెంగళూరా తోట, చిత్తూరు
నవంబర్ 16, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో ఆరు రోజులు సెలవు దొరికింది. నేను, మా ఆవిడ, ఏడో తరగతి చదివే పాప, నాన్న, మొత్తం నలుగురం. ఏదైనా దీవికి పోయి స్నార్కెలింగ్ చేయాలని, అంటే మాస్కు పెట్టుకుని, నోట్లో గొట్టంతో ఊపిరి పీలుస్తూ, నీళ్ళలో ముఖం పెట్టి తేలుతూ చేపల్ని చూడాలని పాప ఒకటే పట్టు. అండమానా, లక్షద్వీపా, మాల్దీవులా తేలడం లేదు. యూట్యూబ్‌లో ప్రతివాడూ తాను పోయొచ్చిందే గొప్ప అంటాడు.

మా ఇబ్బందులు కూడా చెప్పేస్తా. నాకు మైనస్ మూడు పవర్, ఈత రాదు. పాప ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. నాన్నకు 64 ఏళ్ళు. చిన్నప్పుడు నడుముకు సొరబుర్ర కట్టుకుని మోటబావిలో నేర్చిన ఈత, ఇప్పటికీ మర్చిపోలేదు. కానీ గుబురు మీసం. తిరుమలలో గుండు చేయించుకున్నప్పుడు కూడా మీసం మాత్రం ముట్టనివ్వలేదు. మీసం ఉంటే మాస్కులోకి నీళ్ళు వస్తాయని ఎవరో అన్నారు, నిజమేనా?

రేణిగుంట రన్‌వే
నవంబర్ 16, రాత్రి 9:40

ముందు నాన్నగారికి పాస్‌పోర్టు ఉందా చెప్పండి. లేకపోతే మాల్దీవులు పక్కన పెట్టేయొచ్చు. ఉంటే మాత్రం మనవాళ్ళకు అక్కడ దిగాక వీసా ఉచితంగానే ఇస్తారు. లక్షద్వీప్‌కు పాస్‌పోర్టు అక్కర్లేదు గానీ ముందే పర్మిట్ తీసుకోవాలి. ఎక్కువమంది కొచ్చి పోయి అక్కడి నుంచి అగత్తి దీవికి విమానమో, ఓడో ఎక్కుతారు. అండమాన్‌కు ఈ తలనొప్పులు లేవు. చెన్నైలో ఎక్కితే రెండు గంటల చిల్లరకు దిగిపోతారు. విమానాలు ఎక్కువగా పొద్దున్నే కాబట్టి చిత్తూరు నుంచి ముందు రోజు రాత్రే బయలుదేరండి. తెల్లవారుజామున రాణిపేట దగ్గర లారీల వెనక ఇరుక్కుని గడియారం చూసుకునే టెన్షన్ నాకు తెలుసు.

అండమాన్ దీవుల పేర్లు మారాయి, బుకింగ్ చేసేటప్పుడు గందరగోళపడొద్దు. హేవ్‌లాక్ 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. పోర్ట్‌బ్లెయిర్ (విమానం దిగే ఊరు) 2024లో శ్రీ విజయపురం అయింది. జనం మాత్రం పాత పేర్లే అంటున్నారు.

పీలేరు పద్మం
నవంబర్ 16, రాత్రి 10:25

తమ్ముడూ, నా అనుభవం చెప్తా విను. హేవ్‌లాక్‌లో ఎలిఫెంట్ బీచ్ అని అందరూ ఊదరగొడితే పోయినాం. జెట్టీ నుంచి బోటులో అరగంట లోపే. దిగేసరికి తిరుమల క్యూ లైన్ గుర్తొచ్చింది. లైఫ్ జాకెట్ తొడిగారు, గాలి ట్యూబు పట్టుకోమన్నారు. ఒక పిల్లోడు ఆ ట్యూబుకు కట్టిన తాడు పట్టుకుని మా నలుగురినీ లాక్కుంటూ పోయినాడు. ఏదైనా కనిపించి ఆగుదామంటే ఆగడు, వెనక ఇంకో గుంపు కాచుకొని ఉంటుంది. పట్టుమని పదిహేను నిమిషాలు. ఒడ్డుకు తెచ్చి "ఇంకా లోతుకు పోవాలంటే వేరే ప్యాకేజీ" అన్నారు. ఆ బోటువాళ్ళ పేరు ఇక్కడ రాయను, ఎందుకులే.

ఆ పదిహేను నిమిషాల్లోనే ఒక చేపను చూశా. మన పెళ్ళిళ్ళలో గద్వాల చీర అంచులా పసుపూ నీలం. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. అందుకే పోవద్దని చెప్పలేను.

మాల్దీవుల మోజు
నవంబర్ 17, ఉదయం 7:05

అక్కా, అందుకే మాల్దీవులు అనేది. రిసార్టులే ఉంటాయనుకుంటారు గానీ, 2009 నుంచి ఊళ్ళున్న దీవుల్లో కూడా గెస్ట్‌హౌస్‌లకు అనుమతి ఉంది. హౌస్ రీఫ్ అంటే బస చేసిన దీవిని ఆనుకునే పగడాల గట్టు. అది ఉన్న దీవి ఎంచుకుంటే బోటు వద్దు, గైడు తొందర వద్దు, గదిలోంచి నడిచొచ్చి నీళ్ళలో దిగడమే. బా అటాల్ అనే దీవుల గుంపులో హనిఫారు అనే చోట జూన్ నుంచి నవంబర్ దాకా మాంటా రేలు అనే పెద్ద టేకు చేపలు గుంపులుగా వస్తాయి. అక్కడ స్కూబా (గాలి సిలిండరు తగిలించుకుని లోతుకు పోవడం) నిషేధం, స్నార్కెలింగ్ మాత్రమే. మీరు పోయేది ఫిబ్రవరి కాబట్టి అవి దొరకవు. ఊళ్ళున్న దీవుల్లో ముస్లిం ఆచారాలు పాటించాలి, ఒళ్ళు కప్పుకునే బట్టలతో తిరగాలి, మందు దొరకదు.

కాణిపాకం కుర్రోడు
నవంబర్ 17, ఉదయం 7:31

మందు దొరకదా? అయితే ఇంకేం, నాన్నగారిని నిశ్చింతగా తీసుకుపోవచ్చు 😄

ఒక సందేహం. ఇంత దూరం ఎందుకు? మన తిరుపతి జిల్లాలోనే తూపిలిపాళెం బీచ్ ఉంది కదా. మాస్కు కొనుక్కుని అక్కడే దిగితే?

కోనేటి గట్టు, తిరుపతి
నవంబర్ 17, ఉదయం 11:50

కుర్రోడా, తూపిలిపాళెంలో మాస్కు పెట్టుకుంటే కనిపించేది బురద నీళ్ళలో నీ చెయ్యి, అదీ మోచేతి దాకానే. మన తీరమంతా నదులు తెచ్చి పోసే ఒండ్రు. పైగా అలలు నేరుగా వచ్చి ఒడ్డునే విరుగుతాయి, రోజంతా ఇసుక లేస్తూనే ఉంటుంది. పగడాలకు తేట నీళ్ళు, ఎండ, గట్టి నేల కావాలి. అందుకే మన దగ్గర లేవు. మనకు దగ్గరలో పగడాలంటే రామేశ్వరం, తూత్తుకుడి మధ్య మన్నార్ సింధుశాఖ దీవులే.

ఇక అసలు ప్రశ్న. నేను పోర్ట్‌బ్లెయిర్‌లో తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేసి రిటైరై వచ్చినవాణ్ణి. ఇక్కడ అందరూ ఏ చోటు అని అడుగుతున్నారు. నేనైతే ఏ గంట అని అడుగుతాను.

నీల్‌లో జెట్టీ పక్కనే భరత్‌పూర్ బీచ్ ఉంది. దాన్ని పోటులో చూసినవాడు స్వర్గం అంటాడు. ఆటులో చూసినవాడు మోకాలి లోతు నీళ్ళలో రాళ్ళ మీద నడిచి కాలు కోసుకున్నానంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు పోతే మీకు దెబ్బ, పగడాలకు ఇంకా పెద్ద దెబ్బ. బండలాంటి పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. మన కాలి కింద విరిగిన చెయ్యెడు ముక్క మన తాతల నాటిది.

ఇంట్లో గోడకు తిథుల క్యాలెండర్ ఉంటుంది కదా, అది చూడండి. అమావాస్య, పౌర్ణమి, వాటి తర్వాత ఒకటి రెండు రోజులు పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అండమాన్‌లో ఆ తేడా దాదాపు రెండు మీటర్లు. అన్ని నీళ్ళు ఆరు గంటల్లో ఎక్కి దిగాలంటే పరిగెత్తక తప్పదు. మనల్ని పక్కకు లాగేది, ఇసుక లేపి నీళ్ళు మసకబార్చేది ఆ పరుగే. అష్టమి నుంచి దశమి దాకా తేడా బాగా తగ్గి, నీళ్ళు నింపాదిగా కదులుతాయి. అష్టమి నవమి అని మనం ఊరు దాటం గానీ, ఈత రానివాడు పగడాల మీద తేలడానికి అవే మంచి రోజులు.

తిథి చూసుకున్నాక గంట చూసుకోండి. టైడ్ చార్టు అని కొడితే ఫోన్‌లోనే వస్తుంది. లోతు తక్కువ చోట పోటు నిండడానికి గంట ముందు దిగి, నిండిన కాసేపటికి బయటికి రావాలి. ఆ సమయం రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నిన్న పోయొచ్చినవాడు చెప్పిన టైమును అలాగే పట్టుకోకండి.

పీలేరు పద్మం
నవంబర్ 17, మధ్యాహ్నం 12:20

సార్, మేం పోయింది పౌర్ణమికి! వెన్నెల బాగుంటుందని మా ఆయన ఏరికోరి బుక్ చేసినాడు. ఇప్పుడు ఇది చదివి వినిపిస్తా ఉండాను, మాట్లాడకుండా కాఫీ తాగుతున్నాడు.

అలిపిరి 3550
నవంబర్ 17, సాయంత్రం 6:02

ఈత రాదంటున్నారు కాబట్టి పోయే ముందు ప్రాక్టీస్ చేయండి. తలకోనలో జలపాతం కింద మడుగులో మాస్కు పెట్టుకుని...

రేణిగుంట రన్‌వే
నవంబర్ 17, సాయంత్రం 6:09

బాబూ, దయచేసి అలాంటి సలహాలు ఇవ్వకు. పాచి పట్టిన బండలు, అడుగు ఎక్కడుందో తెలియని మడుగు, పైనుంచి పడే నీళ్ళు. ఈత వచ్చినవాళ్ళే పోయారు అక్కడ.

కోనేటి గట్టు, తిరుపతి
నవంబర్ 17, సాయంత్రం 7:15

రన్‌వే గారి మాటే నాదీ. ఛాతీ లోతున్న స్విమ్మింగ్ పూల్ చాలు. అదీ వద్దంటే మొదటి వారం మిద్దె మీద నీళ్ళ డ్రమ్ము. మాస్కు పెట్టుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని, ముఖం ముంచి ఐదు నిమిషాలు ఊపిరి పీల్చండి. నవ్వులాట అనిపిస్తుంది గానీ, మొదటిసారి ముఖం నీళ్ళలో పెట్టగానే ముక్కు మూసుకుపోయిందని మెదడు అరుస్తుంది చూడండి, ఆ అరుపును ఇంట్లోనే అణచాలి. తర్వాత గొట్టంలోకి నీళ్ళు పోయించుకుని ఒక్కసారిగా 'ఫూ' అని గట్టిగా ఊది బయటికి చిమ్మడం నేర్చుకోండి. ఈ రెండూ వస్తే సగం వచ్చినట్టే.

ముఖమంతా కప్పే పెద్ద మాస్కులు అమ్ముతారు, నోట్లో గొట్టం ఉండదు. వాటి జోలికి పోవద్దు. లోపలికి నీళ్ళు వస్తే చటుక్కున తీయలేం. మామూలు మాస్కయితే గొట్టం ఉమ్మేసి తల పైకెత్తితే చాలు.

కళ్ళజోడు రిపేర్, తిరుపతి
నవంబర్ 18, ఉదయం 10:30

నేను ఈ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి పవర్ సంగతి చెబుతాను. కళ్ళద్దాల మీద మాస్కు కుదరదు, కాడల దగ్గర నీళ్ళు కారతాయి. రెండు అద్దాలు విడివిడిగా ఉండే మాస్కులకు రెడీమేడ్ మైనస్ పవర్ అద్దాలు దొరుకుతాయి, అర పాయింటు తేడాతో ఉంటాయి. మీ మైనస్ మూడుకు సులువే. నీళ్ళలో వస్తువు మూడో వంతు పెద్దగా, పావు వంతు దగ్గరగా కనిపిస్తుంది కాబట్టి అర పాయింటు తక్కువైనా ఇబ్బంది ఉండదు. సిలిండర్ పవర్ (కంటి వంపు సమంగా లేనివాళ్ళకు ఇచ్చేది) ఎక్కువుంటే మాత్రం ఇవి సరిపోవు.

కొత్త మాస్కు అద్దం లోపల కంటికి కనిపించని సిలికోన్ పొర ఉంటుంది. తెల్ల టూత్‌పేస్టుతో వేలితో రెండు మూడుసార్లు రుద్ది కడగండి. లేకపోతే ఎంత ఉమ్ము రాసినా ఆవిరి పడుతూనే ఉంటుంది. అవును, ఉమ్మే. సముద్రంలో అందరూ వాడే మందు అదే.

సరిపోయే మాస్కు ఏదో తెలుసుకోవాలంటే, పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చెయ్యి వదిలినా ఊడకుండా ఉంటే అది మీ ముఖానిదే. పాపకు పిల్లల సైజే కొనండి. అద్దెకిచ్చేవి పెద్దవాళ్ళ కొలతలు.

కాణిపాకం కుర్రోడు
నవంబర్ 18, ఉదయం 10:44

మరి మీసం? అసలు ప్రశ్నను అందరూ దాటేశారు.

కోనేటి గట్టు, తిరుపతి
నవంబర్ 18, మధ్యాహ్నం 1:10

దాటేయలేదు, మీసం సున్నితమైన విషయం కాబట్టి ఆగాను. కారుతుంది, నిజమే. మాస్కు అంచు పైపెదవి మీద ఆనాలి, అక్కడ వెంట్రుకలుంటే సందుల్లోంచి నీళ్ళు పాకుతాయి. వాసెలిన్ దట్టంగా పట్టిస్తే కొంత ఆగుతుంది. పూర్తిగా ఆగాలంటే ముక్కుకు కిందుగా, మీసం పై అంచున, సన్నటి గీతంత గొరిగితే చాలు. మీసం మీసంగానే ఉంటుంది, అంచు చర్మానికి అతుక్కుంటుంది. ఆయనకు అది ఎలా చెబుతారో మీ ఇష్టం.

64 ఏళ్ళంటున్నారు, పోయే ముందు బీపీ, గుండె చూపించండి. నీళ్ళలో ఆయాసం అనిపిస్తే ఓర్చుకోవడాలు వద్దు. వెంటనే వెల్లకిలా తిరిగి తేలుతూ చెయ్యెత్తాలి. బావి ఈతగాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది, ఊరికే చేతులు కాళ్ళు ఆడిస్తారు. ఉప్పునీళ్ళు వాటంతట అవే తేలుస్తాయి, కదలకుండా ఉండమనండి. కదలని మనిషి దగ్గరికే చేపలు వస్తాయి.

మాల్దీవుల మోజు
నవంబర్ 18, రాత్రి 8:50

సార్, మీరు అండమాన్ పక్షం అని తెలుసు. కానీ అక్కడి పగడాలు చచ్చిపోయాయి కదా? నేను చూసిన వీడియోలో అంతా బూడిద రంగే.

కోనేటి గట్టు, తిరుపతి
నవంబర్ 18, రాత్రి 9:35

కాదనను. 2010 ఎండాకాలంలో నీళ్ళు వేడెక్కి అండమాన్‌లో పగడాలు బాగా దెబ్బతిన్నాయి. పగడం చెట్టు కాదు, రాయీ కాదు, చిన్న జంతువుల కాపురం. వాటి ఒంట్లో నాచులాంటి జీవులు ఉండి ఎండతో తిండి వండిపెడతాయి, రంగూ చాలావరకు వాటిదే. నీళ్ళు మామూలు ఎండాకాలం వేడికంటే ఒక డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు ఉంటే చాలు, ఆ వంటవాళ్ళను బయటికి గెంటేసి పగడం తెల్లబోతుంది. తొందరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. తర్వాత నాచు పట్టి మీరు చూసిన బూడిద రంగు. అయితే ఇది మాల్దీవులకూ, లక్షద్వీప్‌కూ 1998లో, 2016లో తగిలిన దెబ్బే. ఎవరి పగడాలు బాగున్నాయని వాదించుకునే రోజులు కావు.

ఇంకోటి, వీడియోలో బూడిద రంగంతా చావు కాదు. నీళ్ళు ముందుగా ఎరుపును మింగేస్తాయి. నాలుగైదు మీటర్ల కిందికి పోతే ఎర్ర చీర కూడా మట్టి రంగే. ఫోన్ కెమెరాలకు అది తెలియదు.

పోర్ట్‌బ్లెయిర్ నుంచే పోయిరావాలంటే వండూరు నుంచి జాలీ బాయ్ దీవి. 1983లో ఏర్పడ్డ మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులోది. పర్మిట్ తీసుకోవాలి, సోమవారం సెలవు, ప్లాస్టిక్ లోపలికి రానివ్వరు. అది మూసే నెలల్లో రెడ్ స్కిన్ దీవికి తీసుకెళ్తారు. నార్త్ బే దగ్గరే, కానీ జనం ఎక్కువ. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న బొమ్మ అదే, పాపకు చూపించండి.

మొసళ్ళ బోర్డులు కనిపిస్తే నవ్వుకోవద్దు. 2010లో హేవ్‌లాక్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక పర్యాటకురాలిని ఉప్పునీటి మొసలి చంపింది. మడ అడవుల వాగులు సముద్రంలో కలిసే చోట్లకు వెళ్ళకండి.

పీలేరు పద్మం
నవంబర్ 19, ఉదయం 6:40

ఆడవాళ్ళకు ఒక మాట. సన్‌స్క్రీన్ పూసుకుని దిగేకన్నా ఫుల్ చేతుల ఈత డ్రెస్సు మేలు. వీపు పైకి పెట్టి గంట తేలితే మన పనపాకం ఎండ కూడా దాని ముందు దిగదుడుపే. గుండు చేయించుకుని నేరుగా పోయేవాళ్ళు నెత్తికి గుడ్డ టోపీ లేకుండా దిగొద్దు. మా మరిదికి నెత్తి మీద చర్మం ఉల్లిపొరలా లేచింది.

గవ్వలు, పగడం ముక్కలు బ్యాగులో వేసుకోవద్దు. ఒడ్డున చచ్చి పడినదే కదా అనుకుంటాం. పగడానికి వన్యప్రాణి చట్టంలో రక్షణ ఉంది, ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో బ్యాగు విప్పిస్తారు.

బెంగళూరా తోట, చిత్తూరు
నవంబర్ 19, రాత్రి 9:00

అందరికీ చాలా థ్యాంక్స్. నాన్నకు పాస్‌పోర్టు లేదు, కాబట్టి అండమాన్ ఖాయం. క్యాలెండర్ ముందేసుకుని అష్టమికి నీల్‌లో ఉండేలా టికెట్లు తీశాను. ప్రయాణానికి అష్టమా అని అమ్మ ఫోటో వైపు చూసి నాన్న ఒక్కసారి నిట్టూర్చాడు, అంతే. మీసం సంగతి ఇంకా ఎత్తలేదు.

స్కూబా కూడా చేయొచ్చా అని మా ఆవిడ అడుగుతోంది. చివరి రోజు పొద్దున కుదురుతుందా?

రేణిగుంట రన్‌వే
నవంబర్ 19, రాత్రి 9:18

స్కూబా చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, ఒక రోజు పూర్తిగా వదిలితే ఇంకా మంచిది. చివరి రోజు వద్దు. స్నార్కెలింగ్‌లో పీల్చేది పైగాలే కాబట్టి ఆ బాధ లేదు. ఫెర్రీ ఎక్కే ముందు వాంతులు వచ్చేవాళ్ళకు అరగంట ముందే మాత్ర వేయండి, కడుపు మొదలయ్యాక వేస్తే పనిచేయదు.

బెంగళూరా తోట, చిత్తూరు
మార్చి 2, రాత్రి 8:30

పోయొచ్చాం. ఎలా జరిగిందో చెప్పకపోతే బాగుండదు.

ఎలిఫెంట్ బీచ్‌కు పద్మక్క చెప్పినట్టే ట్యూబు తాడు. నాకు ఈత రాదు కాబట్టి ఆ తాడే దేవుడు, అబద్ధం ఎందుకు. కానీ ముందే బేరమాడి మా నలుగురికే ఒక మనిషిని పెట్టుకున్నాం, ఆగమన్న చోట ఆగాడు. ఆ అబ్బాయి వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి పోయి స్థిరపడినవాడట, తెలుగులోనే మాట్లాడాడు.

అసలైనది నీల్. భరత్‌పూర్‌లో పొద్దున్నే రమ్మని బోటువాళ్ళు పిలిచారు. చార్టు చూస్తే ఆ రోజు పోటు నిండేది నాలుగు ప్రాంతంలో. సరే, కోనేటి గట్టు సార్ మాట మీద అన్నం తిని పడుకున్నాం. మూడింటికి పోతే పొద్దున గుంపులన్నీ ఖాళీ. ఛాతీ లోతుకు పైన తేట నీళ్ళు, ఒరుసుకునే ప్రవాహం లేదు. అక్కడ ఐదున్నరకే పొద్దుగుంకుతుంది, అందుకని నాలుగుంబావుకు వచ్చేశాం.

ముందు రోజు వాసెలిన్‌తో నాన్న మాస్కు మూడుసార్లు నిండింది. ఉప్పునీళ్ళు ముక్కులోకి పోయి దగ్గు. ఒడ్డున కూర్చుని మనవరాలు చెప్పే చేపల కథలు విన్నాడు. ఆ రాత్రి ఏమీ అనలేదు. పొద్దున్నే బాత్రూంలోంచి వచ్చి, "ఇట్లానా మీ సార్ చెప్పింది?" అని అడిగాడు. ముక్కు కింద సన్నటి గీత, స్కేలు పెట్టి గీసినట్టు.

ఆ మధ్యాహ్నం ఆయన లేవడమే లేదు. చేతులు వదిలేసి బోర్లా తేలుతూ, మధ్యమధ్యలో గొట్టంలోంచి 'ఫూ' అని ఊదుతూ. ఒకసారి మాత్రం తల ఎత్తి, "లోపల ఎవురో చెనిక్కాయలు వేయిస్తా ఉండారు రా, చిటపటమని" అన్నాడు. నేనూ విన్నాను. నిజంగానే బాండలి చప్పుడు. అది ఏంటి సార్?

కోనేటి గట్టు, తిరుపతి
మార్చి 2, రాత్రి 9:05

రొయ్యలు. వేలెడంత కూడా ఉండవు. ఒక పెద్ద డెక్కను చటుక్కున మూస్తే నీళ్ళలో బుడగ పుట్టి పగులుతుంది, ఆ చప్పుడు. బతికున్న పగడాల గట్టు మీద వేలకొద్దీ ఉంటాయి. మీ నాన్నగారు మంచి చోటనే తేలారు. నేను తొమ్మిదేళ్ళు వింటూ వానచినుకులు అనుకునేవాణ్ణి, చెనిక్కాయలు తట్టలేదు.

కాణిపాకం కుర్రోడు
మార్చి 2, రాత్రి 9:11

గీత గీసిన మీసం ఫోటో పెట్టన్నా.

బెంగళూరా తోట, చిత్తూరు
మార్చి 2, రాత్రి 9:20

అడిగాను, ఒప్పుకోలేదు. మళ్ళీ నిండుగా పెరిగేదాకా పెళ్ళిళ్ళకు కూడా రానంటున్నాడు. కానీ ఇందాక గోడ దగ్గర నిలబడి క్యాలెండర్ తిప్పుతుంటే ఏంటి నాన్నా అన్నా. వచ్చే మాఘంలో అష్టమి ఏ వారం పడిందో చూస్తున్నాడు.